కీ ఎర్రర్ వస్తోందా? మ్యాప్ సర్వీసు జేసన్‌లో లేని కీలను పట్టుకోవడం ఎలా

"హనుమకొండ అడ్రెస్ ఇస్తే మంచిగ నడుస్తుందన్నా, ఆత్మకూరు ఇవ్వంగనే కీ ఎర్రర్ అని పడిపోతుంది."

ఈ ప్రశ్న నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. అడిగేవాళ్లలో ఫైనలియర్ ప్రాజెక్టు చేసే పిల్లలున్నారు, స్కూలు బస్సుల రూట్లు గీసేవాళ్లున్నారు, ఎరువుల దుకాణానికి డెలివరీ లిస్టు తయారుచేసే తమ్ముళ్లున్నారు. ఒకరు గూగుల్ వాడతారు, ఇంకొకరు అందరూ కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడతారు. గొడవ మాత్రం అందరిదీ ఒకటే కాబట్టి అందరికీ కలిపి ఇక్కడ రాసి పెడుతున్నా.

ముందుగా ఒక్క మాట. జేసన్ అంటే మ్యాప్ సర్వీసు మనకు జవాబు రాసి పంపే పద్ధతి. అందులో ప్రతి విలువకూ ఒక పేరు ఉంటుంది, ఆ పేరే కీ. జేసన్‌లో కీ లేదంటే ప్రతిసారీ తప్పు జరిగినట్టు కాదు. "నువ్వు అడిగిన చోటు నాకు తెలియదు" అని కావచ్చు, "నీ కోటా అయిపోయింది" అని కావచ్చు, "ఊరు తెలుసు గానీ పిన్‌కోడ్ తెలియదు" అని కావచ్చు. మూడింటికీ మూడు వేర్వేరు పనులు చేయాలి. చాలామంది ఇవేవీ చూడకుండా ట్రై-ఎక్సెప్ట్ పెట్టి, ఖాళీ స్ట్రింగు ఇచ్చి కప్పేస్తారు. దాంతో ఎర్రర్ పోతుంది. పార్సిల్ కూడా పోతుంది, వేరే ఆత్మకూరుకు. హనుమకొండ జిల్లాలో ఒక ఆత్మకూరు ఉంటే వనపర్తిలో ఒకటి, సూర్యాపేటలో ఒకటి, ఆంధ్రాలో నంద్యాల, నెల్లూరు జిల్లాల్లో ఇంకో రెండు ఉన్నాయి. ములుగు సంగతీ అంతే. మన వైపు జిల్లా కేంద్రం ఒక ములుగు, సిద్దిపేట జిల్లాలో ఇంకో ములుగు మండలం.

కోడును ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు కమాండ్లు, కీ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. వేరియబుల్ పేర్లు తెలుగులో ఉన్నా పైథాన్ 3 ఒప్పుకుంటుంది.

కావలసినవి

- పైథాన్ 3, అందులో రిక్వెస్ట్స్ లైబ్రరీ. జావాస్క్రిప్ట్ వాడేవాళ్లకు చివర్లో కొంచెం రాశాను.
- ఒక జియోకోడింగ్ సర్వీసు, అంటే ఊరి పేరు ఇస్తే అక్షాంశ రేఖాంశాలు చెప్పేది. ఊరికే నేర్చుకోవడానికైతే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారి నామినాటిమ్ చాలు, ఏపీఐ కీ (సర్వీసు మనకిచ్చే గుర్తింపు కోడు) అక్కర్లేదు. కాకపోతే సెకనుకు ఒక్క రిక్వెస్టు మించకూడదు, మీ ప్రోగ్రాంను గుర్తుపట్టేలా యూజర్ ఏజెంట్ పెట్టాలి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు క్రెడిట్ ఇవ్వాలి. అక్షరం కొట్టినప్పుడల్లా సజెషన్ చూపించే పనికి దాన్ని వాడనివ్వరు. గూగుల్ జియోకోడింగ్‌కు ఏపీఐ కీ, బిల్లింగ్ ఖాతా రెండూ ఉండాలి.
- పరీక్ష ఊర్ల లిస్టు. దీన్నే అందరూ వదిలేస్తారు. ఒక సిటీ అడ్రెస్ (సుబేదారి గానీ నయీంనగర్ గానీ), ఒక చిన్న పట్టణం (పరకాల, నర్సంపేట), ఒకే పేరున్న ఊరు (ఆత్మకూరు), తాడ్వాయి అడవుల్లో ఒక చిన్న గూడెం, అసలు లేని ఒక ఊరి పేరు, బంగాళాఖాతం నడిమధ్యలో ఒక పాయింటు. ఈ ఆరూ ఉంటే మీ కోడులోని లొసుగులు సగానికి పైగా అక్కడే బయటపడతాయి.

1. జవాబును ముందు కళ్లతో చూడండి

కోడు రాయకముందే ఒక జవాబు తెప్పించి ఫైల్లో దాచండి. జేసన్.డంప్స్‌లో ఇండెంట్ 2 అని, ఎన్‌ష్యూర్ ఆస్కీ ఫాల్స్ అని ఇవ్వండి. రెండోది ఇవ్వకపోతే తెలుగు పేర్లన్నీ బ్యాక్‌స్లాష్‌లు, అంకెలుగా మారిపోయి చదవడానికి రావు. ఫైలు పేరులో ఊరు, తేదీ పెట్టండి. ఆరో మెట్టులో, ఎనిమిదో మెట్టులో ఈ ఫైళ్లతో పని పడుతుంది.

జేసన్‌గా మార్చే ముందు అది జేసనేనా అని చూడండి. కోటా దాటినా, మధ్యలో ప్రాక్సీ అడ్డుకున్నా, కాలేజీ వైఫై లాగిన్ పేజీ పడినా మీకు వచ్చేది హెచ్‌టీఎంఎల్, అంటే వెబ్ పేజీ. అప్పుడు పైథాన్ "ఎక్స్‌పెక్టింగ్ వాల్యూ: లైన్ 1 కాలమ్ 1" అంటుంది. దీన్ని కూడా కీ ఎర్రర్ అనుకుని తలబాదుకునేవాళ్లను చూశాను. స్టేటస్ కోడు, కంటెంట్ టైప్, జవాబులో మొదటి రెండు వందల అక్షరాలు ప్రింట్ చేస్తే విషయం తేలిపోతుంది.

2. పడిన ఎర్రర్ ఏదో చదవండి

ఎర్ర అక్షరాల చివరి లైను చాలా చెబుతుంది. అన్నిటినీ కీ ఎర్రర్ అనే గంపలో వేయకండి.

- కీ ఎర్రర్: డిక్షనరీ ఉంది, ఆ పేరుతో కీ లేదు. లేదా మీరు పేరు తప్పు కొట్టారు. గూగుల్ రేఖాంశాన్ని ఎల్, ఎన్, జీ అని మూడక్షరాల్లో ఇస్తుంది. నామినాటిమ్ ఎల్, ఓ, ఎన్ అంటుంది. ఒక సర్వీసుకు రాసిన కోడును ఇంకోదానికి అంటించినప్పుడు మొదట తగిలేది ఇదే.
- ఇండెక్స్ ఎర్రర్: లిస్టు ఖాళీ. ఊరు దొరకలేదన్నమాట.
- టైప్ ఎర్రర్, "నన్‌టైప్ సబ్‌స్క్రిప్ట్ కాదు" అని: కీ ఉంది, దాని విలువ నల్, అంటే ఏమీ లేదు. పైథాన్ దీన్నే నన్ అంటుంది.
- అట్రిబ్యూట్ ఎర్రర్, "లిస్ట్‌కు గెట్ లేదు" అని: మీరు డిక్షనరీ అనుకున్నారు, వచ్చింది లిస్టు. నామినాటిమ్‌లో ఊరి పేరుతో వెతికితే (సెర్చ్) లిస్టు వస్తుంది. అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి వెనక్కి వెతికితే (రివర్స్) ఒక్క డిక్షనరీ వస్తుంది. ఒకే సర్వీసు, రెండు ఆకారాలు.

ఇంకో సంగతి. కీ లేదంటే మీరు అడగకపోయి కూడా ఉండవచ్చు. నామినాటిమ్ సెర్చ్‌లో అడ్రెస్ డీటెయిల్స్ అనే పారామీటరు 1 అని ఇవ్వకపోతే "అడ్రెస్" కీ అసలు రాదు. రివర్స్‌లో అయితే అడగకున్నా వస్తుంది. అందుకే "రివర్స్‌లో ఉంది, సెర్చ్‌లో లేదు, సర్వీసు పాడైందా" అని అడుగుతుంటారు. సర్వీసుకేం కాలేదు, పారామీటరు పెట్టండి చాలు. ఊర్ల మధ్య దూరం, సమయం చెప్పే గూగుల్ డిస్టెన్స్ మ్యాట్రిక్స్‌లో "డ్యూరేషన్ ఇన్ ట్రాఫిక్" కూడా ఇలాంటిదే. బయల్దేరే సమయం ఇవ్వకపోతే ఆ కీ రాదు.

3. విలువల జోలికి పోకముందే స్టేటస్ చూడండి

హెచ్‌టీటీపీ 200 (అంతా సవ్యం అనే కోడు) వచ్చింది కదా అని నమ్మేయకండి. గూగుల్ జియోకోడింగ్ మీ ఏపీఐ కీని తిరస్కరించినా 200 తోనే పంపుతుంది, లోపల "స్టేటస్" దగ్గర "రిక్వెస్ట్ డినైడ్" అని రాసి ఉంటుంది. పక్కనే "ఎర్రర్ మెసేజ్" కీలో కారణం ఉంటుంది. అంతా సవ్యంగా ఉన్నప్పుడు ఆ కీ ఉండదు కాబట్టి దాన్ని గెట్‌తోనే (కీ లేకున్నా ఎర్రర్ పడకుండా తీసే పద్ధతి, ఐదో మెట్టులో ఉంది) తీయండి.

ఒక్కో సర్వీసు ఒక్కో తీరు:

- గూగుల్: "స్టేటస్" ఓకే అయితేనే ముందుకు పోండి. "జీరో రిజల్ట్స్" అంటే ఊరు దొరకలేదు, మళ్లీ మళ్లీ అడిగినా లాభం లేదు. "ఓవర్ క్వెరీ లిమిట్" అంటే ఆగి అడగాలి, ప్రతిసారీ ఆగే సమయం రెట్టింపు చేస్తూ. "అన్‌నోన్ ఎర్రర్" అయితే ఇంకోసారి అడిగి చూడవచ్చు. "రిక్వెస్ట్ డినైడ్", "ఇన్‌వాలిడ్ రిక్వెస్ట్" వస్తే ప్రోగ్రాం ఆపి మీ సెట్టింగులు చూసుకోండి.
- నామినాటిమ్ రివర్స్: బంగాళాఖాతం పాయింటు ఇస్తే "ఎర్రర్" అనే ఒక్క కీతో "అన్‌ఏబుల్ టు జియోకోడ్" అని వస్తుంది. మీరు ఎదురుచూసే "అడ్రెస్" ఉండదు.
- ఓఎస్ఆర్ఎం రూటింగ్ (దారి చూపే సర్వీసు): "కోడ్" కీలో ఓకే ఉండాలి. దారి లేకపోతే "నో రూట్" అంటుంది, హెచ్‌టీటీపీ 400 ఇస్తుంది. కాబట్టి రెయిజ్ ఫర్ స్టేటస్‌ను (ఎర్రర్ కోడు వస్తే ఆపేసే ఫంక్షన్) ముందే పిలిస్తే ఆ కారణం మీకు కనబడకుండానే ప్రోగ్రాం ఆగిపోతుంది. బాడీని, అంటే జవాబు లోపలి విషయాన్ని ముందు చదవండి.
- ఓవర్‌పాస్ (ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాలో వెతికే సర్వీసు): అన్నిటికన్నా గడుసుది ఇదే. టైమ్ అయిపోయినా 200 ఇచ్చి, ఖాళీ "ఎలిమెంట్స్" పంపి, "రిమార్క్" అనే కీలో మాత్రం రన్‌టైమ్ ఎర్రర్ అని రాస్తుంది. రిమార్క్ చూడకపోతే "ములుగు జిల్లాలో ఆసుపత్రులే లేవు" అని మీ రిపోర్టులో అచ్చవుతుంది.

డిస్టెన్స్ మ్యాట్రిక్స్ వాడేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. పైన ఒక స్టేటస్, లోపల ప్రతి జతకూ ఇంకో స్టేటస్ ఉంటాయి. పైది ఓకే అయినా లోపల ఒక ఊరికి "నాట్ ఫౌండ్" ఉండవచ్చు, అప్పుడు ఆ జతలో "డిస్టెన్స్", "డ్యూరేషన్" రెండూ ఉండవు. ఇరవై ఊర్ల లిస్టులో పద్దెనిమిదో ఊరి దగ్గర ప్రోగ్రాం పడిపోతోందని చెప్పేవాళ్లందరూ ముందు ఆ లోపలి స్టేటస్ చూడండి.

4. తప్పనిసరి కీలు, ఉంటే మంచిది అనుకునే కీలు విడగొట్టండి

ఇక్కడ తొందరపడకండి. ఒక కాగితం మీద రెండు వరుసలు రాయండి. డెలివరీ ప్రోగ్రాం అయితే అక్షాంశం, రేఖాంశం లేకుండా పని లేదు, అవి తప్పనిసరి. ఊరి పేరు ఉండాలి గానీ వేరే కీ నుంచి తీసుకోవచ్చు. పిన్‌కోడ్, వీధి పేరు ఉంటే సంతోషం.

తప్పనిసరి వాటిని చదరపు బ్రాకెట్లతోనే తీయండి. లేకపోతే ఎర్రర్ పడనివ్వండి. ఆ ఒక్క ఊరిని "చేతితో చూడాల్సినవి" అనే లిస్టులో వేసి తర్వాతి ఊరికి పోండి. రెండో వరుసలోవి మాత్రమే మెత్తగా తీయాలి.

అక్షాంశ రేఖాంశాలకు డిఫాల్ట్ విలువ ఎప్పుడూ పెట్టకండి. సున్నా, సున్నా పెడితే పాయింటు ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో పడుతుంది. మ్యాపుల పని చేసేవాళ్లు ఆ చోటును నల్ ఐలాండ్ అని సరదాగా పిలుస్తారు. అది కనీసం కనబడుతుంది. "దొరకకపోతే హనుమకొండ చౌరస్తా పెట్టేద్దాం" అనే తెలివి ఇంకా ప్రమాదం. మ్యాపులో పాయింటు సరైనదిలాగే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు, డ్రైవరు చౌరస్తాలో నిలబడి ఫోన్ చేసేదాకా.

5. మెత్తగా తీసే పద్ధతి

గెట్ అందరికీ తెలుసు. దాని లోపలి ఇబ్బంది కొందరికే తెలుసు. జవాబు.గెట్("అడ్రెస్", {}) అని రాస్తే, కీ లేనప్పుడు ఖాళీ డిక్షనరీ వస్తుంది. కీ ఉండి విలువ నల్ అయితే మాత్రం నన్ వస్తుంది, మీ డిఫాల్ట్‌ను పట్టించుకోదు. దాని మీద ఇంకో గెట్ వేస్తే అట్రిబ్యూట్ ఎర్రర్. ఇది ఊహకు చెప్పడం లేదు. మ్యాపు డేటాకు వాడే జేసన్ రకమైన జియోజేసన్ ప్రమాణమే, అంటే 2016 నాటి ఆర్ఎఫ్‌సీ 7946, "జామెట్రీ", "ప్రాపర్టీస్" రెండూ నల్‌గా ఉండొచ్చని ఒప్పుకుంటుంది.

ఒక మెట్టుకైతే ఇలా చాలు:

    అడ్రెస్ = జవాబు.గెట్("అడ్రెస్") ఆర్ {}

మెట్లు ఎక్కువైతే చిన్న ఫంక్షన్ రాసుకోండి:

    డెఫ్ తవ్వు(డేటా, *దారి, లేకుంటే=నన్):
        ఫర్ మెట్టు ఇన్ దారి:
            ట్రై:
                డేటా = డేటా[మెట్టు]
            ఎక్సెప్ట్ (కీఎర్రర్, ఇండెక్స్‌ఎర్రర్, టైప్‌ఎర్రర్):
                రిటర్న్ లేకుంటే
        రిటర్న్ లేకుంటే ఇఫ్ డేటా ఈజ్ నన్ ఎల్స్ డేటా

వాడటం: పిన్ = తవ్వు(జవాబు, 0, "అడ్రెస్", "పోస్ట్‌కోడ్"). అంకె ఇస్తే లిస్టులోకి, పేరు ఇస్తే డిక్షనరీలోకి దిగుతుంది. దారిలో ఎక్కడ నల్ తగిలినా టైప్ ఎర్రర్‌గా పట్టుకుని మర్యాదగా వెనక్కి వస్తుంది.

జాగ్రత్తలు:

ఎక్సెప్ట్ అని ఒట్టిగా రాయకండి, ఆ మూడు ఎర్రర్ల పేర్లు తప్పకుండా రాయండి. ఒట్టి ఎక్సెప్ట్ మీరు కంట్రోల్-సీ కొట్టినా మింగేస్తుంది, వేరియబుల్ పేరు తప్పు కొట్టినా మింగేస్తుంది.

తవ్వు ఫంక్షన్ మీ స్పెల్లింగ్ తప్పును కూడా దాచేస్తుంది. కీ పేరు తప్పు కొడితే ప్రతి ఊరికీ నన్ వస్తుంది, ఎర్రర్ రాదు. దీనికి మందు ఎనిమిదో మెట్టులో ఉంది.

"ఆర్" వాడేటప్పుడు సున్నాను మర్చిపోకండి. దుకాణం, కస్టమరు ఒకే చోట ఉంటే దూరం 0 వస్తుంది, అది సరైన జవాబే. దూరం ఆర్ "తెలియదు" అని రాస్తే పైథాన్ సున్నాను లేనట్టే లెక్కేసి "తెలియదు" అంటుంది. అంకెల దగ్గర "ఈజ్ నన్" అని అడగండి.

6. ఊరి పేరుకు వరుస పెట్టండి

మొదట్లో చెప్పిన ఆత్మకూరు గొడవ సాధారణంగా ఇక్కడిదే. నామినాటిమ్ అడ్రెస్‌లో "సిటీ" అనే కీ నగరాలకే వస్తుంది. పట్టణానికి "టౌన్", పల్లెకు "విలేజ్", ఇంకా చిన్నదానికి "హామ్లెట్". ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ ఊరిని గీసినవాళ్లు దాన్ని ఏ రకంగా గుర్తించారో దాన్ని బట్టి కీ మారుతుంది. మీరు "సిటీ" ఒక్కటే అడిగితే ఉత్తర తెలంగాణలో చాలా ఊర్లు మీకు లేనట్టే.

వరుస ఇలా పెట్టండి: సిటీ, టౌన్, విలేజ్, హామ్లెట్. మొదట దొరికింది తీసుకోండి. ఏ కీ నుంచి దొరికిందో కూడా పక్కన రాసుకోండి, తర్వాత పనికొస్తుంది. వాడ పేరుకు ఇంకో వరుస: నైబర్‌హుడ్, సబర్బ్. ఈ రెండు వరుసలను కలిపేయకండి. కలిపితే ఒకరి ఊరు "హనుమకొండ" అని, పక్కింటివాళ్ల ఊరు "నయీంనగర్" అని వస్తుంది, ఊరివారీగా లెక్క వేసినప్పుడు ఆగమాగం అవుతుంది.

జిల్లా, మండలం సంగతి: మన దగ్గర నామినాటిమ్‌లో జిల్లా సాధారణంగా "స్టేట్ డిస్ట్రిక్ట్"లో, మండలం "కౌంటీ"లో ఉంటాయి. ఉన్నాయా లేదా అన్నది మీ దగ్గరున్న ఫైళ్లలో చూసుకోండి. కీ దొరికినా విలువ పాతది కావచ్చు. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. 2019లో ములుగు జిల్లా వచ్చింది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండగా, వరంగల్ రూరల్ పేరు వరంగల్‌గా మారాయి. కస్టమరు లిస్టులో వరంగల్ రూరల్, వరంగల్ అని రెండూ ఉంటే ఒకదానికి ఇంకోటి కొత్త పేరు కావచ్చు, కానీ అప్పుడే కొన్ని మండలాలు అటూ ఇటూ మారాయి, కాబట్టి మండలం కూడా చూడండి. ఒట్టి "వరంగల్" అని ఉన్న పాత లిస్టు అయితే అది 2016కు ముందుదా, 2021 తర్వాతదా చూడకుండా ఏ జిల్లా అని తేల్చకండి. పాత పేరు, కొత్త పేరు జతల డిక్షనరీ ఒకటి చేసుకోండి. ఇంగ్లిష్ స్పెల్లింగులు కూడా అందులోనే పెట్టండి, హనుమకొండను ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలియంది కాదు.

భాషను కూడా ఒక్కదానికే కట్టేయండి. యాక్సెప్ట్ లాంగ్వేజ్ ఇవ్వకపోతే ఒక ఊరి పేరు తెలుగులో, ఇంకోటి ఇంగ్లిష్‌లో వచ్చి, పోల్చేటప్పుడు రెండూ కలవవు.

గూగుల్ వాడేవాళ్లు చేసే తప్పు వేరు. అక్కడ "అడ్రెస్ కాంపొనెంట్స్" ఒక లిస్టు. ఒక అడ్రెస్‌లో జిల్లా నాలుగో స్థానంలో కనబడిందని ప్రతిసారీ నాలుగోదాన్నే తీస్తారు. ఇంటి నంబరు ఉంటే ఒక స్థానం జరుగుతుంది, వీధి లేకపోతే ఇంకోటి జరుగుతుంది. మీకు జిల్లా బదులు "ఇండియా" వస్తుంది. స్థానం చూడకండి. ప్రతి భాగంలోని "టైప్స్" లిస్టు చూసి, అందులో "లొకాలిటీ" ఉందా, "పోస్టల్ కోడ్" ఉందా అని వెతకండి. రాష్ట్రం "అడ్మినిస్ట్రేటివ్ ఏరియా లెవెల్ 1". జిల్లాకు లెవెల్ 3, లెవెల్ 2 రెండూ చూసి మీ జిల్లాల లిస్టుతో సరిపోయింది తీసుకోండి.

గూగుల్‌లోనే ఇంకో కీ ఉంది, దాని లెక్క తిరగబడి ఉంటుంది. "పార్షియల్ మ్యాచ్" లేకపోతేనే మనకు శుభవార్త. మీరిచ్చిన అడ్రెస్ మొత్తం కాక ఏదో కొంత ముక్క మాత్రమే కలిసినప్పుడు అది ట్రూ అని వస్తుంది. "పోచమ్మ మైదాన్ దగ్గర, ఇస్త్రీ బండి ఎదురుంగ" అని కస్టమరు రాసిన అడ్రెస్‌ను అలాగే పంపితే ఇది తగలడం ఖాయం. ఏ జియోకోడరుకూ ఇస్త్రీ బండి తెలియదు.

అలాంటి అడ్రెస్‌ను ముక్కలు తీసేస్తూ మళ్లీ అడగవచ్చు: ముందు గుర్తులు తీసేయండి, తర్వాత ఇంటి నంబరు, చివరికి ఊరు, మండలం, జిల్లా మాత్రం మిగిల్చండి. ఏ స్థాయిలో దొరికిందో తప్పక రాయండి. రాయకపోతే ఊరి నడిబొడ్డున ఉన్న పాయింటును కస్టమరు ఇల్లనుకుంటారు.

7. దొరికిన విలువ సరైనదేనా చూడండి

కీ ఉంది కదా అని వదలొద్దు. నామినాటిమ్ అక్షాంశ రేఖాంశాలను స్ట్రింగులుగా ఇస్తుంది, ఫ్లోట్‌గా మార్చాలి. గూగుల్ అంకెలుగానే ఇస్తుంది. ఓవర్‌పాస్‌లో పాయింట్లకు అక్షాంశం నేరుగా ఉంటుంది, భవనాల గీతలకు ఉండదు. క్వెరీ చివర "ఔట్ సెంటర్" అని అడిగితే "సెంటర్" కీ లోపల దొరుకుతుంది. పేరు లేని పాయింట్లకు "ట్యాగ్స్" కీ కూడా ఉండకపోవచ్చు.

జియోజేసన్‌లో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం. వరంగల్ సుమారు 18.0 ఉత్తరం, 79.6 తూర్పు. తిరగేసి పెడితే మీ పాయింటు నార్వే పైన ఉన్న స్వాల్బార్డ్ మంచు దీవుల్లో తేలుతుంది.

దీనికి సులువైన కాపలా ఒక పెట్టె. అక్షాంశం 15.5 నుంచి 20 మధ్య, రేఖాంశం 77 నుంచి 82 మధ్య ఉందా అని అడగండి. తెలంగాణ మొత్తం అందులో పడుతుంది, పక్క రాష్ట్రాల అంచులు కూడా కొంత పడతాయి. తిరగేసిన పాయింట్లు, సున్నాలు ఇక్కడే దొరికిపోతాయి. వనపర్తి ఆత్మకూరు మాత్రం ఈ పెట్టె లోపలే ఉంటుంది కాబట్టి ఇక్కడ దొరకదు. దానికి జిల్లా పేరు సరిచూడటం ఒక్కటే దారి. మీ డెలివరీ అంతా ట్రైసిటీ (వరంగల్, హనుమకొండ, కాజీపేట) చుట్టుపక్కలే అయితే పెట్టెను ఇంకా బిగించుకోండి.

8. కోడు నిలబడుతుందా, పరీక్షించండి

మొదటి మెట్టులో దాచిన ఫైళ్లు బయటికి తీయండి. ఒక మంచి జవాబును కాపీ చేసి చేత్తో పాడుచేయండి: ఒకదాంట్లో "అడ్రెస్" తీసేయండి, ఒకదాంట్లో దాన్ని నల్ చేయండి, ఒకదాంట్లో అక్షాంశాన్ని ఖాళీ స్ట్రింగు చేయండి. ఇంకొకటి ఖాళీ లిస్టు, ఇంకొకటి "ఎర్రర్" కీ ఉన్న డిక్షనరీ, చివరిది హెచ్‌టీఎంఎల్ పేజీ. నెట్ ఆపేసి వీటిని మీ కోడుకు తినిపించండి. ప్రోగ్రాం పడిపోకపోవడం ఒక్కటే చాలదు. దొరకని ఊరు "దొరకలేదు" అనే లిస్టులోకి, తిరస్కరించింది "సర్వీసు ఒప్పుకోలేదు" అనే లిస్టులోకి పోయాయా చూడండి. రెండూ ఒకే గంపలో పడితే మూడో మెట్టుకు వెనక్కి పోవాలి.

తర్వాత అసలు లిస్టు నడిపి, ఏ కీ ఎన్ని ఊర్లకు లేదో లెక్క తీయండి. కలెక్షన్స్‌లోని కౌంటర్ చాలు. ఆ లెక్కను ఇలా చదవండి:

- ఒక కీ అన్ని ఊర్లకూ లేదు: మీ స్పెల్లింగ్ తప్పు, లేదా పారామీటరు పెట్టలేదు.
- పల్లెలకే లేదు, సిటీకి ఉంది: డేటాలోనే లేదు. కోడును తిట్టకండి.
- లిస్టులో ఒకచోట నుంచి చివరిదాకా ఏవీ లేవు: కోటా అయిపోయింది లేదా మిమ్మల్ని ఆపేశారు.
- నిన్నటిదాకా ఉంది, ఇవాళ లేదు: పాత ఫైలు, కొత్త ఫైలు పక్కపక్కన పెట్టి తేడా చూడండి. కీ పేరు మారి ఉండవచ్చు.

జావాస్క్రిప్ట్ వాళ్లకు

మీకు కీ ఎర్రర్ రాదు, నిశ్శబ్దంగా అన్‌డిఫైన్డ్ వస్తుంది. దాని లోపలికి పోబోతే "కెనాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ అన్‌డిఫైన్డ్" అని పడుతుంది. 2020 ప్రమాణంతో వచ్చిన ?. గుర్తు వాడితే దారిలో ఏది లేకపోయినా అన్‌డిఫైన్డ్‌తో ఆగుతుంది, నల్‌ను కూడా సంభాళిస్తుంది. డిఫాల్ట్‌కు || బదులు ?? వాడండి. మొదటిది సున్నాను, ఖాళీ స్ట్రింగును కూడా లేనట్టే చూస్తుంది. రెండోది నల్, అన్‌డిఫైన్డ్ రెండింటినే పట్టించుకుంటుంది. అన్‌డిఫైన్డ్‌ను అంకెగా మారిస్తే నాన్ వస్తుంది, మ్యాపు మీద మార్కరు పడాల్సిన చోట ఎర్రరో, ఖాళీయో మిగులుతుంది. మార్కరు పెట్టేముందు నంబర్.ఈజ్‌ఫైనైట్‌తో అడగండి.

ఊరే మ్యాపులో లేకపోతే

అన్నీ సరిచూశాక కూడా తాడ్వాయి వైపు గూడేలు కొన్ని "దొరకలేదు" లిస్టులోనే మిగలొచ్చు. రెండు దారులున్నాయి. ఒకటి, అక్కడికి పోయే డ్రైవరు ఫోన్‌తో పాయింటు తీసుకుని మీ సొంత ఫైల్లో ఊరి పేరు, మండలం, జిల్లాతో రాసుకోవడం. కోడు ముందు ఆ ఫైలు చూసి, అందులో లేకపోతేనే సర్వీసును అడగాలి. రెండోది, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరిచి ఆ ఊరిని మీరే చేర్చడం. మీరు చూసి వచ్చిన చోటే చేర్చండి. గూగుల్ మ్యాపు చూసి కాపీ కొట్టడానికి అనుమతి లేదు.

ఒకసారి అడిగిన ఊరిని మళ్లీ అడగకుండా జవాబు దాచుకోవడం మంచిదే, నామినాటిమ్ వాళ్లు కూడా అదే కోరతారు. గూగుల్ జవాబులు దాచుకోవడానికి షరతులున్నాయి, అవి చదివాకే దాచండి. "దొరకలేదు" అన్న జవాబును మాత్రం కొన్నాళ్లకు చెల్లిపోయేలా దాచండి. ఊరిని మ్యాపులో చేర్చాక మీరు దాచిన జవాబుల్లో (క్యాష్‌లో) ఆ పేరు మీదున్న పాత ఫైలు తీసేయండి. లేకపోతే మ్యాపులో ఊరు కనబడుతున్నా మీ ప్రోగ్రాం మాత్రం లేదనే అంటుంది, మీరు మళ్లీ కోడులోనే తప్పు వెతుకుతారు.